‘ఆదర్శీకరించు’: పొగడ్త కాని క్రియ

మన ఓరియంటల్ హైస్కూల్లో సంస్కృతం, తెలుగు పక్కపక్కన చదివినవాళ్ళకి ‘చ్వి’ ప్రత్యయం గుర్తుండే ఉంటుంది. విచిత్రమైన ప్రత్యయం. తాను పూర్తిగా లోపిస్తూ, ముందున్న అకారాన్ని ఈకారం చేసి మరీ పోతుంది. ఘన ఘనీ అవుతుంది, ధ్రువ ధ్రువీ అవుతుంది, ఆదర్శ ఆదర్శీ అవుతుంది. ఉకారమైతే దీర్ఘం మాత్రమే వస్తుంది: లఘూకరణ. దాని పక్కన ‘కరణ’ పెట్టి, తెలుగు ‘ఇంచు’ తగిలిస్తే ఆదర్శీకరించు, అంటే ఉన్నదానికన్నా ఆదర్శంగా ఊహించుకోవడమో చూపించడమో. ‘ఆదర్శికరించు’ అని హ్రస్వం రాస్తే తప్పు. (‘ధృవీకరణ పత్రం’ అని బోర్డుల మీద కనిపించేదీ తప్పే. అది ధ్రువం, ‘ధృవం’ కాదు.)

అర్థం ఈ చ్విలోనే ఉంది. మాస్టారు నల్లబల్ల మీద రాయించిన మాట ‘అభూతతద్భావే’. అంటే మునుపు అది కానిది ఇప్పుడు అదవడం. నీరు ఘనీభవించిందంటే అంతకుముందు గట్టిగా లేదనే. అలాగే ఒక మనిషినో ఊరినో ఆదర్శీకరించామంటే, ఆ మనిషి, ఆ ఊరు నిజానికి అంత ఆదర్శం కాదన్న ఆక్షేపణ క్రియలోనే ఇమిడి ఉంది. బడి జ్ఞాపకాల సంచికలకు రాసేవాళ్ళు ఎక్కువగా జారేది ఇక్కడే. ‘మా హెడ్మాస్టారిని ఆదర్శీకరించి జీవితంలో పైకొచ్చాం’ అని గౌరవంగా రాస్తారు. చదివేవాడికి తగిలేది ఎత్తిపొడుపు. అక్కడ కావలసింది ‘ఆదర్శంగా తీసుకున్నాం’. ఇక బడిని నిజంగానే బాగుచేసి నలుగురికీ చూపించేలా చేస్తే అది ‘ఆదర్శవంతంగా తీర్చిదిద్దడం’. ఈ మూడూ ఒకదాని చోట ఒకటి కూర్చోవు.

వాక్యంలో ఈ క్రియకు ద్వితీయా విభక్తి చాలు: ‘పల్లెను ఆదర్శీకరించాడు.’ ‘పల్లెను స్వర్గంగా ఆదర్శీకరించాడు’ అంటే బరువెక్కువ. ‘స్వర్గంగా’ అన్నాక ‘చిత్రించాడు’ అంటే సరిపోతుంది.

వాడుకలో దీనికి చుట్టాలు చాలామంది ఉన్నారు కానీ ఎవరి పని వారిదే. ఆకాశానికెత్తడానికి నోరు విప్పాలి. ఆదర్శీకరించడం మనసులోనే జరిగిపోవచ్చు. మునగచెట్టు ఎక్కించాలంటే ఎదుటివాడు బతికుండాలి, వినాలి, నమ్మాలి. మునగకొమ్మ పెళుసు కాబట్టే ఆ మాట పుట్టింది. పాత రోజుల్ని మునగచెట్టు ఎక్కించలేం. గోరంత కొండంత చేయడం మంచికీ చెడుకీ పనికొస్తుంది. ‘దూరపు కొండలు నునుపు’ ఒక్కటే ఆదర్శీకరణకు బాగా దగ్గర. కొండకి కొత్తగా ఏదీ అతికించలేదు చూడండి. రాళ్ళూ ముళ్ళూ కనబడకుండా పోయాయంతే.

నా లెక్కలో అసలు కిటుకు అదే. అతిశయోక్తి కలుపుతుంది, ఆదర్శీకరణ తీసేస్తుంది. రాయలవారి కాలంలో రత్నాలు రాసులు పోసి అమ్మారని అంటూ ఉంటాం. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, అక్కడి వీధిలో కెంపులు, వజ్రాలు, పచ్చలు, ముత్యాలు అమ్మేవారని రాశాడు. కాబట్టి అంగడి నిజమే. ‘రాసులు పోసి’ అన్నది అతిశయోక్తి. మరి ఆ అంగడి ఒక్కటే చెప్పి, యుద్ధాలూ పన్నులూ రైతు బతుకూ వదిలేసి ‘స్వర్ణయుగం’ అంటే అది ఆదర్శీకరణ. ఒక్క అబద్ధం కూడా ఆడకుండా ఆదర్శీకరించొచ్చు. అందుకే పట్టుకోవడం కష్టం.

పట్టుకోవడానికి తెలుగులో ఒక గుర్తుంది: ‘-ఏవాళ్ళం’. ‘తెల్లారే లేచేవాళ్ళం, కలిసి చదివేవాళ్ళం, మాస్టారు ఇంటికి పిలిచి పాఠం చెప్పేవారు.’ ఒక్కసారి జరిగింది కూడా ఈ రూపంలో పడితే రోజూ జరిగినట్టే ఉంటుంది. దానికి ‘అందరం’, ‘ఎప్పుడూ’ తోడైతే ఇక చెప్పక్కర్లేదు. సరిచూడాలంటే ప్రతి ‘-ఏవారు’నీ మామూలు భూతకాలంలోకి మార్చండి: ‘మాస్టారు ఇంటికి పిలిచి పాఠం చెప్పారు.’ వెంటనే ప్రశ్నలు పుడతాయి. ఏ తరగతిలో? ఎవరెవర్ని పిలిచారు? ఎవర్ని పిలవలేదు? జవాబు దొరికితే అది రాయండి, వాక్యం నిలుస్తుంది. దొరకకపోతే కొట్టేయండి. నిజంగా రోజూ జరిగినవి (ప్రార్థన, గంట, హాజరు) ‘-ఏవాళ్ళం’లోనే ఉంచొచ్చు. వాటిని మార్చితేనే ఎబ్బెట్టు.

చివరగా ‘బడు’ సంగతి. ‘మన బడి ఆదర్శీకరించబడింది’ అనే వాక్యంలో కర్త తప్పించుకుంటాడు. ఘనీభవించడం దానంతటదే జరుగుతుంది కానీ, ఆదర్శీభవించడమనే మాట మనకు వాడుకలో లేదు. ఆ పని ఎవరో ఒకరు చేయాల్సిందే. ఆ చేసినవారెవరో వాక్యం మొదట్లో రాస్తే ‘బడు’ దానంతటదే ఊడిపోతుంది.