పోస్ట్‌గ్రెస్ వెర్షన్ మారలేదు, డోర్ నంబర్ల వరుస మారింది

డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ 9వ విడుదలలో పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ 9.6 వెర్షన్ ఉండేది, 10వ విడుదలలో 11 వచ్చింది. పాత విడుదలకు భద్రతా సవరణలు ఎప్పుడో ఒకప్పుడు ఆగిపోతాయి కనుక ఆపరేటింగ్ సిస్టమ్‌ను మార్చక తప్పదు. అయితే దాని మీద నడిచే డేటాబేస్‌ను కూడా అదే రాత్రి మారిస్తే, మర్నాడు ఏదైనా చెడినప్పుడు కారణం ఎక్కడుందో తేల్చడం చాలా కష్టమవుతుంది. అందుకే ఈ రెండు పనులనూ విడివిడిగా చేయాలని నేను గట్టిగా నమ్ముతాను.

2019 చివర్లో హైదరాబాద్ చిరునామాలున్న ఒక సర్వర్‌ను అలాగే మార్చాను. డెబియన్‌లో సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలను ఎక్కించే సాధనం ఆప్ట్. దాని ఆప్ట్-మార్క్ హోల్డ్ ఆదేశంతో పోస్ట్‌గ్రెస్ 9.6 ప్యాకేజీని వెర్షన్ మారకుండా నిలిపి ఉంచాను. అప్‌గ్రేడ్ సజావుగా ముగిసింది, డేటాబేస్ పాత వెర్షన్‌లోనే లేచింది. రెండు రోజుల తరువాత, జాబితాలో కళ్లెదుట కనిపిస్తున్న డోర్ నంబరు వెతికితే దొరకడం లేదని ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. చూస్తే, ఒకటే ఉండాల్సిన నంబర్లు కొన్ని రెండేసిసార్లు నమోదై ఉన్నాయి. ఒకే విలువ రెండోసారి పడకుండా చూడాల్సిన యూనిక్ ఇండెక్స్ వాటిని అడ్డుకోలేదు.

కారణం డేటాబేస్‌లో లేదు, దాని కింద ఉన్న జీలిబ్‌సీ అనే సిస్టమ్ లైబ్రరీలో ఉంది. డెబియన్ 9లో అది 2.24, డెబియన్ 10లో 2.28. ఆ 2.28 వెర్షన్‌లో అక్షరాలను వరుసలో పెట్టే నియమాలు పెద్ద ఎత్తున మారాయి. ఇంగ్లిష్ లొకేల్‌లో (భాషా అమరికలో) సార్ట్ ఆదేశానికి "1-1", "11" అనే రెండు వరుసలు ఇస్తే, పాత లైబ్రరీ "11"ను ముందు పెడుతుంది, కొత్తది "1-1"ను ముందు పెడుతుంది. ఇండెక్స్ అనేది ఒక క్రమంలో పేర్చి డిస్కు మీద రాసి ఉంచిన చెట్టు. పాత క్రమంలో పేర్చినదాన్ని కొత్త క్రమంతో వెతికితే, ఉన్న వరుస కూడా లేనట్టే కనిపిస్తుంది. మన ఊళ్లలో ఇంటి నంబర్లు చాలావరకు గీతలతోనే ఉంటాయి కనుక ఈ మార్పు దెబ్బ సూటిగా ఆ కాలమ్ మీదే పడింది. రీఇండెక్స్ చేస్తే, అంటే ఇండెక్స్‌ను మళ్లీ కట్టిస్తే, సరిపోతుంది గానీ, రెండేసిసార్లు పడిన నంబర్లు ఉండగా యూనిక్ ఇండెక్స్ తిరిగి తయారు కాదు. ముందు వాటిని ఒక్కొక్కటిగా చూసి, ఏది అసలుదో అడిగి తెలుసుకుని కలపవలసి వచ్చింది. ఆ పనికి పట్టిన రోజులను నేను మరచిపోలేదు.

ఇప్పుడు హోల్డ్‌ను చివరి ఆయుధంగానే చూస్తాను. పాత విడుదల కోసం తయారైన ప్యాకేజీకి పాత లైబ్రరీలే కావాలి. డెబియన్ ఆధారంగా తయారైన ఉబుంటు 22.04లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ 3 వచ్చి 1.1 పోయినప్పుడు, 20.04 నాటి ప్యాకేజీలు చాలావాటికి ఆధారం లేకుండా పోయింది. అలాంటప్పుడు హోల్డ్ వల్ల అప్‌గ్రేడ్ లెక్కే కుదరకపోవచ్చు. పోస్ట్‌గ్రెస్ విషయంలో మేలైన దారి ఆ ప్రాజెక్టు సొంత రిపాజిటరీ (ప్యాకేజీల నిల్వ): మద్దతు ఉన్న పాత వెర్షన్లను కొత్త విడుదలల కోసం కూడా అక్కడ తయారుచేసి ఇస్తారు. ఉబుంటు అప్‌గ్రేడ్ సాధనం ఇలాంటి బయటి రిపాజిటరీలను నిలిపివేస్తుంది. తరువాత కొత్త విడుదల పేరుతో వాటిని తిరిగి తెరవాలి.

తమలో ఏమీ లేకుండా ఇతర ప్యాకేజీలను రప్పించే, వెర్షన్ సంఖ్య లేని మెటాప్యాకేజీల మీద కూడా కన్నుంచాలి. ఉబుంటు 20.04 నుంచి 22.04కు మారేటప్పుడు, "పీహెచ్‌పీ" (వెబ్ ప్రోగ్రామింగ్ భాష) అన్న ఒట్టి పేరున్న ప్యాకేజీయే 7.4 స్థానంలోకి 8.1ను లాక్కొస్తుంది. దాన్ని తీసేసి, సంఖ్య ఉన్న ప్యాకేజీలను మాత్రమే ఉంచుకోవచ్చు. అయితే వాటికి ముందుగా ఆప్ట్-మార్క్ మాన్యువల్ గుర్తు (కావాలని పెట్టుకున్నవి అని) పెట్టకపోతే, తరువాత నడిపే ఆటోరిమూవ్ వాటిని అనవసరమైనవిగా లెక్కేసి తుడిచేస్తుంది. ఏ వెర్షన్‌ను ఎంచుకోవాలో ఆప్ట్‌కు చెప్పే పిన్ ప్రాధాన్యం 1000 దాటితే ఆప్ట్ వెర్షన్‌ను వెనక్కి కూడా తీసుకెళ్తుంది కాబట్టి, ఆ సంఖ్యను నేను అలవోకగా రాయను.

అప్‌గ్రేడ్‌కు ముందు ప్యాకేజీల జాబితాను వెర్షన్లతో సహా మరో యంత్రంలో దాచి, డిస్కు నకలు మీద మొత్తం పని ఒకసారి నడిపిస్తాను. రెండు జాబితాలను పోల్చేటప్పుడు మొదట చూసే వరుస జీలిబ్‌సీది; అది మారితే, టెక్స్ట్ కాలమ్‌ల ఇండెక్స్‌లన్నీ రీఇండెక్స్ అయ్యేదాకా అప్లికేషన్‌ను తెరవను.