చిల్లర లేదు, చాక్లెట్ తీసుకో

తిరుపతిలో రైలు సగానికి పైగా ఖాళీ అయిపోయింది. కాచిగూడలో ఎక్కేటప్పుడు కాలు పెట్టడానికి చోటు లేని వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్, కొండకు పోయే జనాన్నంతా దించేసి, మాలాంటి నలుగురిని వేసుకుని పాకాల మీదుగా చిత్తూరు వైపు తీరిగ్గా కదిలింది. ఎదురు బెర్తు ఖాళీ కాగానే మా అమ్మాయి కిటికీ పక్కకు దూకింది. దానికి ఎనిమిదేళ్లు.

"నాన్నా, చాక్లెట్ ఫ్యాక్టరీ రైల్లోంచి కనిపిస్తుందా?"

ఇదంతా రాత్రిళ్లు నేను చెప్పిన కథల ఫలితం. మా ఊరికి దగ్గర్లో చాక్లెట్ ఫ్యాక్టరీ ఉండేదని చెప్పాను. అబద్ధమేం కాదు. న్యూట్రిన్ చాక్లెట్లు పుట్టింది చిత్తూరులోనే, 1952లో బి.వి.రెడ్డి గారు మొదలుపెట్టిన కంపెనీ. పిల్లప్పుడు మేం దాన్ని మా సొంత ఆస్తిలాగా చెప్పుకునేవాళ్లం. వేరే ఊరి చుట్టాల పిల్లలు వస్తే, చాక్లెట్ కాగితం మీద 'చిత్తూరు' అన్న అక్షరాలు వెతికి మరీ చూపించేవాళ్లం. 2006లో దాన్ని గోద్రెజ్ వాళ్లు కొన్నారు, మరుసటి ఏడాది హెర్షీ వచ్చి కలిసింది. ఆ వార్త పేపర్లో చదివిన రోజు, ఊళ్లో పెద్దింటివాళ్లు పొలం అమ్ముకున్నారని విన్నట్టు మనసు అదోలా అయింది. అందులో నాకు గజం వాటా కూడా లేదనుకోండి.

మా వీధిలో ఒకాయన ఆ ఫ్యాక్టరీకి పనికి పోయేవాడు. సాయంత్రం సైకిల్ దిగేసరికి చొక్కాలోంచి పాలూ చక్కెరా కలిసి కాగిన వాసన వచ్చేది. మేం ఆ సైకిల్ వెనకాలే మలుపు దాకా పరిగెత్తేవాళ్లం. ఆయనకు మాత్రం తీపంటే గిట్టేది కాదు. ఇంటి ముందు అరుగు మీద కూర్చుని, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ సంగటి తినేవాడు. అంత అదృష్టం పెట్టుకుని మిరపకాయ తినే మనిషిని చూస్తే మాకు ఒళ్లు మండేది.

చిత్తూరు స్టేషన్ బయట మామ ఆటో మాట్లాడి పెట్టాడు. "ఫ్యాక్టరీ వైపు పోదామా?" అని అడిగితే, "గోడ చూసి ఏం చేస్తావు? ఇంటికాడ ఇడ్లీ చల్లారిపోతాది" అన్నాడు. మా అమ్మాయి మొహం చిన్నబోయింది. నిజం చెప్పాలంటే నాదీ అంతే.

మా పల్లె కాణిపాకం దాటాక ఐరాల వైపు. ఇడ్లీలు అయ్యాక నేను మొదట పోయింది అంగడికి. మా వైపు కొట్టు అనరు, అంగడే. దాన్ని నడిపిన ముసలామెను ఊరంతా అంగడి అవ్వ అనే పిలిచేది. ఆమె పోయి చాలా ఏళ్లైంది. ఇప్పుడు కొడుకు కూర్చుంటున్నాడు, ఆయనకే అరవై దాటాయి.

"ఎప్పుడొస్తివి నాయనా?" అన్నాడు. ఆ పలకరింపుకి నేను మళ్లీ నిక్కరులోకి పోయాను.

అప్పట్లో ఆ బల్ల మీద వరసగా గాజు సీసాలు ఉండేవి. మూతి ఏటవాలుగా ఉండి, రేకు మూతలు ఉన్న రకం. ఒకదాంట్లో నారింజ, పసుపు రంగుల నిమ్మతొనలు, మీద చక్కెర రవ్వ అద్దినవి. ఒకదాంట్లో తెల్లటి పిప్పరమెంటు బిళ్లలు. ఇంకోదాంట్లో తేనె మిఠాయి. చివర్లో కమ్మరకట్టు. ఈ చివరిదాని గురించి కాస్త చెప్పాలి. బెల్లం ముదురు పాకం పట్టి, కొబ్బరి కలిపి, గోలీకాయంత ఉండలు చేస్తారు. కొరికితే పన్ను పోవాలి తప్ప అది పగలదు. నోట్లో ఒక బుగ్గన పెట్టుకుంటే బడి మొదటి గంట నుంచి రెండో గంట దాకా వచ్చేది. టీచరు ప్రశ్న అడిగితే దాన్ని రెండో బుగ్గకు తోసి జవాబు చెప్పే విద్య మా బ్యాచ్‌లో అందరికీ తెలుసు. చిత్తూరు జిల్లా బెల్లానికి పేరున్న జిల్లా, చలికాలం వస్తే చెరకు గానుగల కాడ పెనం పక్కన నిలబడి వేడి పాకం కోసం చెయ్యి చాపిన పిల్లలం. మాకు కమ్మరకట్టు అంటే ఆ గానుగ రుచిని జేబులో పెట్టుకుని తిరగడమే. జేబుకు చీమలు పట్టేవి, అది వేరే సంగతి.

కాగితం చుట్టినదల్లా మాకు చాక్లెట్టే. అందులో కోకో ఉందా లేదా అని ఎవడడిగాడు? పాపిన్స్ రోల్ మొత్తం ఒక్కడే కొన్నాడంటే వాళ్ల నాన్నకు గవర్నమెంటు ఉద్యోగం అని లెక్క.

వానాకాలంలో బిళ్లలన్నీ ఒకదానికొకటి అతుక్కుని సీసాలోనే గడ్డ కట్టేవి. అవ్వ సీసాను వాల్చి అరచేత్తో టప్‌టప్ అని కొట్టేది. అయినా రాకపోతే కొడవలి పిడితో పొడిచేది. అప్పుడు మూడు బిళ్లలు కలిసిన ముద్ద ఒకటి ఊడొస్తే, అది ఒక్క బిళ్లా, మూడు బిళ్లలా అన్న దానిమీద పెద్ద పంచాయితీ. చక్కెర పాకాన్ని దాదాపు 150 డిగ్రీల దాకా కాచి, నీళ్లన్నీ ఇగిరిపోయాక చల్లారిస్తే అది గాజులా గట్టిపడుతుంది, కానీ గాలిలో తేమ తగిలితే చాలు పీల్చుకుని జిగురెక్కుతుంది అని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అవ్వకు ఆ డిగ్రీలేవీ తెలియవు. మూత సరిగ్గా పెట్టకపోతే వీపు మీద ఒకటి వేసేది, అంతే.

నా చేతిలో ఉండేది ఐదు పైసల బిళ్ల. నలుచదరంగా, మూలలు గుండ్రంగా ఉన్న అల్యూమినియం బిళ్ల. పట్టుకుంటే బరువే తెలిసేది కాదు. నాణేన్నీ బిళ్ల అనేవాళ్లం, మిఠాయినీ బిళ్ల అనేవాళ్లం. బిళ్ల ఇచ్చి బిళ్ల తెచ్చుకోవడం. పది పైసలది అంచులు పువ్వు రేకుల్లా ఉండేది, ఇరవై పైసలది ఆరు పలకలు. చీకట్లో జేబులో వేలు పెట్టి ఎంత ఉందో చెప్పగలిగేవాణ్ని. ఆ లెక్క నాకు లెక్కల పుస్తకం కంటే ముందే వచ్చింది.

"ఏం కావల్ల పాపా?" అని అంగడి అన్న మా అమ్మాయిని అడిగాడు.

గాజు సీసాలు లేవు. ప్లాస్టిక్ డబ్బాలు నాలుగు, అందులో రెండు సగం కూడా లేవు. మిగతాదంతా తోరణాల్లా వేలాడే చిప్స్ పొట్లాలు. కమ్మరకట్టు ఉందా అని అడిగితే ఆయన నవ్వాడు. "నీకు పండ్లుండాయా తినేదానికి?" అన్నాడు. కానీ వెనక్కి పోయి ఒక చిన్న పొట్లం తెచ్చాడు, పలమనేరు నుంచి ఎవరో వేసిపోతారట, ముసలివాళ్లు అడుగుతారని పెట్టుకుంటాడట. ముసలివాళ్లు అన్న మాట నాకు కొంచెం గుచ్చుకుంది.

మా అమ్మాయి ఒకటి నోట్లో వేసుకుని, రెండు క్షణాలు చూసి, "నాన్నా, ఇది లోపల ఎప్పుడు మెత్తగా అవుతుంది?" అంది. కాదమ్మా అన్నాను. ఉమ్మేసింది. నేను వేసుకున్నది కుడి బుగ్గన పెట్టాను. అలవాటు పోలేదు. రుచి అప్పటంత గొప్పగా ఉందని మాత్రం అనను, బెల్లం కాస్త తక్కువ, చక్కెర ఎక్కువ తగిలింది.

అక్కడే బల్లకు ఆనుకుని చాలాసేపు మాట్లాడుకున్నాం. చాక్లెట్లు ఎవరూ కొనడం లేదా అని అడిగాను.

"ఎప్పుడు కొన్యారు నాయనా పెద్దోళ్లు? చిల్లర లేక మేమిస్తే తీసుకున్యారు."

ఆ మాట నాకు కొత్తగా అనిపించింది, కానీ ఆలోచిస్తే నిజమే. మా పిల్లప్పుడు చిల్లర ఇచ్చి చాక్లెట్ తెచ్చుకున్నాం. ఉద్యోగాలు వచ్చేనాటికి చిల్లరే కరువై, కిరాణా కొట్టులో, మందుల షాపులో రూపాయికి బదులు ఒక మహాలాక్టో చేతిలో పెట్టేవాళ్లు. "చిల్లర లేదు, చాక్లెట్ తీసుకో." అప్పుడు విసుక్కున్నాను కూడా, నేనేమైనా చిన్నపిల్లాణ్నా అని. అదే చాక్లెట్ తిరిగి ఇచ్చి అగ్గిపెట్టె ఇమ్మంటే మాత్రం ఏ కొట్టువాడూ తీసుకునేవాడు కాదు. 2011 జూన్ 30తో పావలా, అంతకంటే చిన్న నాణేలన్నీ చెల్లకుండా పోయాయి. ఇప్పుడు ఫోన్లొచ్చాయి. "పదమూడు రూపాయలైతే పదమూడే కొడతారు. ముందు వారానికొక డబ్బా అయిపోతా ఉండె. ఇప్పుడు నెలైనా అడుగు కనపడదు" అన్నాడు అన్న. ఆయన వెనకాల గోడకు మూడు క్యూఆర్ కోడ్‌లు అతికించి ఉన్నాయి, మధ్యలో అవ్వ ఫోటో.

నేను ఇరవై రూపాయలు కొట్టబోతే, "పొట్లం ఉంచుకో, మీ అమ్మ బాకీలో ఇంకా మిగిలుండాది" అన్నాడు. బాకీ అంటే మేం ఇవ్వాల్సిందో, వాళ్లు ఇవ్వాల్సిందో చెప్పలేదు. నేనూ అడగలేదు.

సాయంత్రం కాణిపాకం పోయాం. వినాయక చవితి నుంచి అక్కడ ఇరవై ఒక్క రోజులు ఉత్సవాలు. మామ, మామ మనవడు, మేమిద్దరం. బావిలో ఉన్న స్వామిని చూసి బయటపడేసరికి రెండు గంటలు పట్టింది, క్యూలో జరిగింది రాయడానికి ఏమీ లేదు, అందరి చెమటా ఒకటే. బయట బొరుగులు, బత్తాసులు, బెలూన్లు, రబ్బరు పాములు. ఆ గోలలో చిడతల చప్పుడు విని నేను ఆగిపోయాను.

బొంబాయి మిఠాయి. పొడుగాటి వెదురు గడ, దాని తలమీద గౌను వేసుకున్న బొమ్మ, బొమ్మ చేతుల్లో తాళాలు. కింద మనిషి తాడు లాగితే పైన బొమ్మ చప్పట్లు కొడుతుంది. బొమ్మ కాళ్ల కింద గడకు చుట్టి, ప్లాస్టిక్ కవరు కప్పి, గులాబీ రంగు పాకం ముద్ద. పిల్లప్పుడు ఏడాదికి ఒక్కసారి, ఈ తిరునాళ్లలోనే, నా చేతికి వాచీ కట్టింది వీళ్ల నాన్నో తాతో అయి ఉండాలి.

మా అమ్మాయి ముందుకెళ్లి చెయ్యి చాపింది. అతను కవరు పక్కకు తీసి, ముద్దలోంచి చిటికెడు పట్టి లాగాడు. పాకం తాడులా సాగింది, తెల్ల చార ఒకటి గులాబీ రంగు పక్కనే మెలికలు తిరుగుతూ వచ్చింది. దాన్ని మణికట్టు చుట్టూ ఒక చుట్టు తిప్పి, అంచులు వేళ్లతో నొక్కి, పైన గుండ్రంగా ఒక బిళ్ల పెట్టి, గోటితో రెండు గీతలు గీశాడు. అవి ముళ్లు. చివర్లో వేలికి మిగిలిన చిన్న తునకను దాని బుగ్గకు అంటించాడు. అది కొసరు. మొత్తం నిమిషం కూడా పట్టలేదు. మామ మనవడికీ ఒకటి.

గడకు, బొమ్మకు సరిగ్గా కింద, క్యూఆర్ కోడ్ వేలాడుతోంది. నడుముకు చిన్న స్పీకరు. మా ముందు ఎవరో డబ్బులు కొడితే స్పీకరులో ఒక ఆడగొంతు "ఇరవై రూపాయలు అందాయి" అంది, అదే ఊపులో పైన బొమ్మ చప్పట్లు కొట్టింది. నాకు నవ్వాగలేదు.

నా వంతు వచ్చింది. ఫోన్ తీసి స్కాన్ చేశాను. చక్రం తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది. అంత జనంలో సిగ్నల్ ఎక్కడిది? చెయ్యి పైకెత్తి చూశాను, రెండడుగులు పక్కకు జరిగి చూశాను. మామ ఫోన్ ఇంట్లో పెట్టొచ్చాడు. ఇంత మాత్రానికే టెన్షన్, వెనకాల పిల్లలు తోసుకుంటున్నారు. పర్సు మూలలో మడత పెట్టిన యాభై నోటు ఒకటి దొరికింది. రెండు వాచీలు, నలభై.

అతను నోటు తీసుకుని మొలకు కట్టుకున్న సంచి తడిమాడు. పక్కనున్న బెలూన్లతణ్ని అడిగాడు. అతనూ తల అడ్డంగా ఊపాడు.

"చిల్లర లేదు సామీ."

"పర్లేదులే, ఉంచుకో."

"అదెట్ల కుదురుతాది? చెయ్యి పట్టు."

"ఎవరికి?"

"నీకే. పది రూపాయలకు బెల్టు రాదు సామీ, డయల్ ఒకటే."

నేను వద్దనేలోగా నా మణికట్టు పట్టుకుని గులాబీ రంగు బిళ్ల ఒకటి నొక్కేశాడు. వేడిగా, జిగురుగా, వెంట్రుకల మీద. మా అమ్మాయి తన వాచీ ఉన్న చెయ్యి ఎవరికీ తగలకుండా పైకెత్తి పట్టుకుని, రెండో చేత్తో నా చెయ్యి కిందికి గుంజి, టైమెంతయిందో చూసి, నాది నాకేసింది.