చుక్క పెట్టే ముందు

మన భాషాశాస్త్రం బ్యాచ్ సంచిక కమిటీ తరఫున యలమంచిలి (ఊరి పేర్లే మన పిలుపు పేర్లు కదా) ఫోన్ చేసి, "తెనాలీ, రెండు పేజీలు మించకూడదు, నెలాఖరులోగా పంపెయ్" అనగానే నాకు మాస్టారు గుర్తొచ్చారు. రెండు పేజీలు, గడువు తేదీ అనే మాటలు ఒకేసారి చెవిన పడితే నాకు ఇంకెవరు గుర్తొస్తారు? కాబట్టి మెస్సు సమ్మె గురించీ, అరకు ట్రిప్పు గురించీ, ఆ గొడుగు గురించీ మిగతావాళ్లు రాయండి. బొబ్బిలి ఎలాగూ వదలడు. నేను 1997 డిసెంబరు ఒక్కటే రాస్తాను.

ఆ నోటీసు మాస్టారే తెచ్చి మన బోర్డు మీద పెట్టారు. అమెరికాలో ఒక సింటాక్స్ (వాక్య నిర్మాణం) కాన్ఫరెన్సు. ఆబ్‌స్ట్రాక్టు, అంటే పేపరు సారాంశం, పది కాపీలు పంపాలి. ఏ కాపీ మీదా పేరు ఉండకూడదు. పేరు, చిరునామా, పేపరు శీర్షిక విడిగా మూడంగుళాలకు ఐదంగుళాల కార్డు మీద రాసి జతచేయాలి. పేరు ఎందుకు వద్దన్నారని అడిగాను. "చదివేవాళ్లకి నువ్వు వాల్తేరులో ఉన్నావో బోస్టన్‌లో ఉన్నావో తెలియకూడదమ్మా. వాక్యాలు చూసే మార్కులు వేస్తారు" అన్నారు. ఆ మాట నన్ను ఎంత లోపలి దాకా తాకిందో ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ దాటి చదువుతున్న పిల్లని. పేరు చూడకుండా చదివేవాళ్లు ఎక్కడో ఉన్నారంటే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నా వాక్యం మీ అందరికీ కంఠతా వచ్చే ఉంటుంది. క్యాంటీన్లో నన్ను చూడగానే దాంతోనే పలకరించేవారు కదా. "మావయ్య తను రాను అన్నాడు." తను అంటే మావయ్య, ప్రథమ పురుష. రాను అంటే నేను, ఉత్తమ పురుష. ఈ రెండూ ఒక వాక్యంలో ఎలా కలిశాయి? ఊరికే "తను రాను" అని ఎవరూ అనరు. అన్నాడు తోడుంటేనే అది నిలబడుతుంది. మావయ్య మాటల్ని ఉన్నదున్నట్టు అప్పజెప్పడం కూడా కాదు, అలా అయితే "నేను రాను" అనాలి. దానికి మాస్టారు చూపించిన రుజువు నేను ఈ రోజుకీ క్లాసులో చెబుతాను. "మావయ్య తను ఎక్కడికి రాను అన్నాడు?" అని మనం అడగొచ్చు, "పెళ్లికి" అని జవాబు చెప్పొచ్చు. ఆ ఎక్కడికి అన్న ప్రశ్న మనది, మావయ్యది కాదు. మావయ్య మాటల్ని కొటేషన్‌లో పెట్టి బిగించేసి ఉంటే మన ప్రశ్న అందులోకి దూరేదే కాదు.

గొడవంతా ఉదాహరణ నాలుగు దగ్గర వచ్చింది. "మావయ్య తను రాడు అన్నాడు." తను అంటే మావయ్యే అయితే ఇది నా చెవికి తప్పు. తప్పు వాక్యానికి ముందు నక్షత్రం గుర్తు పెట్టాలి కదా, పెట్టేశాను. మన భాషలో చుక్క. నా సిద్ధాంతం మొత్తం ఆ చుక్క మీదే నిలబడింది. మాస్టారు కాగితం చదివి, ఎర్ర పెన్నుతో ఆ చుక్క చుట్టూ సున్నా చుట్టి, "ఎవరిని అడిగావ్?" అన్నారు. నన్నే అడుక్కున్నానండీ, నా మాతృభాషే కదా అన్నాను. ఆయనకు కోపం రాలేదు. "అక్కడ చదివేవాళ్లు మన వాక్యాన్ని చెవితో పరీక్షించలేరు. నువ్వు తప్పంటే తప్పని నమ్ముతారు. అంత నమ్మకం పెట్టుకున్నవాళ్ల దగ్గర అడక్కుండా చుక్క పెట్టకూడదు. ఆ చుక్క నీది కాదమ్మా, మాట్లాడేవాళ్లది" అన్నారు.

తర్వాతి మూడు రోజులూ నేను పొడుగు నోట్‌బుక్ పట్టుకుని తిరిగాను. గేటు బయట టీ బండి ఆయన, మా హాస్టల్ వార్డెన్ గారు, బీచ్‌లో మురీ మిక్స్చర్ అమ్మే ముసలాయన, పెదవాల్తేరులో పాలకొండ వాళ్ల పిన్నిగారు. మొత్తం పదకొండు మంది. నేరుగా "ఇది సరైన తెలుగేనా?" అని అడగొద్దని మాస్టారు ముందే హెచ్చరించారు. అలా అడిగితే అందరూ వ్యాకరణం మాస్టార్లు అయిపోతారట. కథలా చెప్పి, చివర్న ఆ వాక్యం అని, మొహం చూడాలి. టీ బండి ఆయన గ్లాసు కడుగుతూనే, "అలాగే అంటాం గదమ్మా, అందులో తప్పేటి?" అన్నాడు. పిన్నిగారు ఆ మాట అననే అననన్నారు, అప్పుడే వంటింట్లోంచి బాబాయిగారు "నేనంటాను" అన్నారు. ఒకే ఇంట్లో, ముప్పై ఏళ్ల కాపురంలో, రెండు వ్యాకరణాలు! ఆరుగురికి ఒప్పు, ఐదుగురికి తప్పు. నోట్‌బుక్ చూసి మాస్టారు, "చుక్క తీసెయ్. శాతం గుర్తు పెట్టు" అన్నారు. కొందరికి ఒప్పు, కొందరికి తప్పు అయ్యే వాక్యానికి అదే గుర్తు. చుక్క పోయాక నా సిద్ధాంతం సగం కూలింది. మిగిలిన సగాన్ని రెండు రాత్రుల్లో మళ్లీ కట్టాను, అది మొదటిదానికన్నా గట్టిగా నిలిచింది.

ఇక చుక్కల రాత్రి. రోమన్ లిపిలో ట, డ, ణ, ళ కింద చుక్కలు, దీర్ఘాల మీద గీతలు ఉండాలి, డీటీపీ సెంటర్లో ఆ ఫాంటు లేదు. నల్ల పెన్నుతో చేత్తో పెట్టాను. జిరాక్సు తీస్తే సగం చుక్కలు ఎగిరిపోయాయి. పది కాపీలు, ప్రతి కాపీలో ఎన్నో అన్నాడులు, ప్రతి అన్నాడులో డ కింద ఒక చుక్క. రీడింగ్ రూములో చోడవరం, బొబ్బిలి, పాలకొండ తలా కొన్ని పంచుకున్నారు. సముద్రపు గాలికి కాగితాలు చెమ్మగిల్లి సిరా అలుక్కుంటోంది, అద్దుడు కాగితం లేక చోడవరం తన కొత్త వోణీ కొంగు అద్దింది. "మాస్టారు నిజంగానే చుక్కలు చూపించారే" అని అది అన్నప్పుడు మనం నవ్విన నవ్వు! కార్డు మీద నా పేరు పాలకొండే రాశాడు, దస్తూరీ బాగుంటుందని.

ఏప్రిల్లో జవాబు వచ్చింది. తీసుకోలేదు. ఆ ఉత్తరంతో పాటు నా కాగితం చదివి మార్కులు వేసిన ముగ్గురు రివ్యూయర్ల అభిప్రాయాలు ఉన్నాయి. ఒకరు మాత్రం ఆ శాతం గుర్తు గురించే అడిగారు, ఎంతమందిని అడిగారు, ఎలా అడిగారు అని. మాస్టారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, చాలా సంతోషంగా నన్ను చూశారు. "అడిగారు చూశావా" అన్నారు.

తర్వాతి ఏళ్లు వదిలేస్తున్నాను. హైదరాబాదు, ఢిల్లీ, పిహెచ్‌డీ, పెళ్లి, ఇప్పుడున్న ఈ చలి దేశం. ఆ వాక్యం మాత్రం నాతోనే ఉంది. ఎనిమిదేళ్ల తర్వాత అదే మావయ్యతో ఒక పెద్ద కాన్ఫరెన్సులో నిలబడి ఇరవై నిమిషాలు మాట్లాడాను, పది నిమిషాలు ప్రశ్నలు. దక్షిణాసియా భాషల సింటాక్స్, సెమాంటిక్స్ (అర్థ విశ్లేషణ) కోసమే 2011లో అమెరికాలోని ఆమ్‌హెర్స్ట్‌లో ఫాసల్ అనే కాన్ఫరెన్సు మొదలయ్యాక తెలుగు వాక్యాలకు వేదిక దొరకని బాధ చాలా తగ్గింది. తను, రాను లాంటి వాక్యాల మీద ఇప్పుడు చాలామంది పని చేస్తున్నారు. మనం క్యాంటీన్లో ఆడిపోసుకున్న మావయ్య లోకమంతా తిరుగుతున్నాడు.

ఇప్పుడు పోస్టు లేదు, కార్డు లేదు. పీడీఎఫ్ అప్‌లోడ్ చేయడమే. రెండు పేజీలు, పన్నెండు పాయింట్ల అక్షరం, చుట్టూ అంగుళం మార్జిన్, ఒక మనిషి ఒంటరిగా ఒకటి, ఇంకొకరితో కలిసి ఒకటి పంపొచ్చు. ఫైలు ప్రాపర్టీస్‌లో పేరు మిగిలిపోకుండా చూసుకోవాలని నా విద్యార్థులకి ప్రతిసారీ చెబుతాను. గడువు భూమ్మీద ఎక్కడైనా అర్ధరాత్రి వరకు అంటారు, తేదీ అన్నిటికన్నా ఆలస్యంగా మారే చోటి లెక్క అది, కాబట్టి విశాఖలో ఉన్నవాళ్లకి మర్నాడు సాయంత్రం ఐదున్నర దాకా టైముంటుంది. ఆ టెన్షన్ మాత్రం అప్పటిదే.

ఇప్పుడు నేనే రివ్యూయర్ని. పేర్లు లేని ఆబ్‌స్ట్రాక్టులు ఏటా నా దగ్గరికీ వస్తాయి. ఒక్కోదానికి ఒక సాయంత్రం పూర్తిగా కేటాయిస్తాను, తిరస్కరించాల్సి వస్తే ఇంకా ఎక్కువ రాస్తాను. కిందటేడు వచ్చిన తెలుగు ఆబ్‌స్ట్రాక్టులో ఒక వాక్యం ముందు చుక్క ఉంది, కింద ఫుట్‌నోట్‌లో తొమ్మిది మందిని అడిగాం, ఇలా అడిగాం అని రెండు లైన్లు. ఎవరు రాశారో నాకు తెలియదు, తెలియకూడదు కూడా. లేచి కాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను.

జనవరిలో వస్తున్నాను. ఎర్ర పెన్ను కాపీ ఫైల్లో పెట్టి తెస్తాను. ఉదాహరణ నాలుగు పక్కన మార్జిన్‌లో మాస్టారు రాసిన ఒక మాట నాకు ఇన్నేళ్లూ చదవడం రాలేదు. ఆయన ఉండగా అడగలేకపోయాను. పాలకొండా, ఆయన గొలుసుకట్టు నీకే తెలిసేది, కళ్లజోడు మర్చిపోకుండా తెచ్చుకో.