నాలుగు ఓవర్ల కుర్రాడితో మూడో స్పెల్ వేయించడం

మా మేనల్లుడు గాజువాక టెన్నిస్ బాల్ టోర్నమెంట్లలో పేరు తెచ్చుకున్న ఫాస్ట్ బౌలర్. నాలుగు ఓవర్లు నిప్పులే. క్లబ్ తరఫున రెండు రోజుల మ్యాచ్‌లు మొదలయ్యాక అసలు సంగతి బయటపడింది: లంచ్ తర్వాత వాడి బంతిలో పస ఉండేది కాదు. నేను లీగ్ ఆడినవాణ్ణి, సాయంత్రాలు నెట్స్‌లో పిల్లల్ని చూసుకుంటాను. మా అక్క వాణ్ణి నాకే అప్పజెప్పింది.

అందరూ ఇచ్చిన సలహా ఒకటే, ఆర్కే బీచ్ ఇసకలో పరిగెత్తించమని. కొంత చేయించాను గానీ దానిమీద నాకు పెద్ద గురి లేదు. దమ్ము పెరుగుతుంది, నిజమే. ముందుకాలు నేలను తన్నినప్పుడు తగిలే దెబ్బకి నడుము అలవాటుపడాలంటే మాత్రం బౌలింగే చెయ్యాలి. ఎంత అన్నదే చిక్కు. బంతుల లెక్క ఒక్కసారిగా పెరిగితే కుర్ర బౌలర్లకి నడుం ఎముకలో స్ట్రెస్ ఫ్రాక్చర్ వచ్చే ప్రమాదం ఎక్కువ. అందుకే నెట్స్‌లో వేసిన ప్రతి బంతీ పుస్తకంలో రాయించాను. కొద్దికొద్దిగా పెంచుతూ, మధ్యమధ్య ఒక వారం తగ్గిస్తూ వచ్చాం.

"ఏటి మావయ్యా, కిరాణా కొట్టు ఖాతాలాగ!" అని విసుక్కునేవాడు. 2023లో బుమ్రా వెన్నుకి ఆపరేషన్ అయి నెలల తరబడి ఆడలేదని గుర్తుచేస్తే మాట్లాడకుండా రాసేవాడు.

స్పీడు తగ్గించమని మాత్రం ఎప్పుడూ అనలేదు. "ముందు లైన్ మీద వెయ్, స్పీడు తర్వాత" అనే కోచ్‌లంటే నాకు ఒళ్లు మంట. వాడి ఆస్తే అది! కోసింది రన్నప్‌ని. ఊరికే దూరం నుంచి ఉరికొచ్చేవాడు, సగం బలం అక్కడే ఖర్చు.

మన ఉక్కపోత సంగతి చెప్పక్కర్లేదు. చెమటకి బంతి జారుతుంది, పిక్కలు పట్టేస్తాయి. ఓఆర్ఎస్ దాహమేసే ముందే తాగాలి, స్పెల్‌కీ స్పెల్‌కీ (అంటే ఆపకుండా వేసే ఓవర్ల దఫాకీ దఫాకీ) మధ్య సాక్సులు మార్చాలి. ఇంతే.

ఎక్కువ కాలం పట్టింది పాత బంతితో. మన దేశంలో వాడే ఎస్‌జీ కంపెనీ బంతి కొత్తలో కుట్టు ఎత్తుగా ఉంటుంది, సగం పని అదే చేసిపెడుతుంది. పెద్ద మ్యాచ్‌ల్లో 80 ఓవర్లయ్యేదాకా ఇంకో కొత్త బంతి రాదు. 2024 ఫిబ్రవరిలో మన మధురవాడ స్టేడియంలో ఇంగ్లండ్ మీద బుమ్రా 45 పరుగులకి 6 వికెట్లు తీసిన రోజు వీణ్ణి తీసుకెళ్లాను. పోప్ వికెట్లు ఎగరగొట్టిన యార్కర్‌కి అందరితోపాటు వీడూ గంతులేశాడు. నేను మాత్రం దానికి ముందు పాత బంతిని గాలిలో బయటికి తిప్పి రూట్‌ని స్లిప్‌లో దొరకబుచ్చుకున్న బంతి గురించే ఇంటిదాకా వాయించాను. పాత బంతిని ఒకవైపు మెరిసేలా కాపాడుకోవడం ఆ తర్వాతే వాడికి పట్టింది.

మొన్నటి లీగ్ మ్యాచ్‌లో టీ తర్వాత మూడో స్పెల్ అడిగి మరీ వేశాడు. వికెట్ ఒక్కటే పడింది, స్పీడు మాత్రం దిగలేదు. ఆఫ్ కట్టర్ (పిచ్ మీద పడ్డాక కుడిచేతి బ్యాటర్ వైపు లోపలికి తిరిగే బంతి) ఇంకా చేతికి రాలేదు; ప్రస్తుతం నెట్స్‌లో మా గొడవంతా దాని గురించే.