గ్యాస్ట్రిక్ బైపాస్ తరువాతి జీవితం
బరువు తగ్గిన నన్ను చూసి కష్టాలన్నీ తీరిపోయాయని అందరూ అనుకుంటారు గానీ, బరువు తగ్గించే గ్యాస్ట్రిక్ బైపాస్ ఆపరేషన్ తరువాత ఆహారం జీర్ణాశయంలో చాలా భాగాన్నీ, చిన్నపేగు మొదటి భాగాన్నీ తాకకుండానే ముందుకు సాగిపోతుంది కనుక ఇనుము, కాల్షియం, బి12 వంటి పోషకాలు ఒంటికి సరిగా పట్టవు. జీవితాంతం మాత్రలు వాడాలి, క్రమం తప్పకుండా రక్తపరీక్షలు చేయించుకోవాలి. ఇనుము, కాల్షియం మాత్రల మధ్య కనీసం 2 గంటల వ్యవధి పాటించాలి. తీపి ఎక్కువైతే కాసేపటికే గుండెదడ, చెమటలు, కడుపునొప్పి మొదలవుతాయి. 1 నుంచి 3 గంటల తరువాత రక్తంలో చక్కెర పడిపోయి కళ్లు తిరగడం నన్ను మరింత భయపెడుతుంది. వేలాడే చర్మం సంగతి దీనిముందు చిన్నదే. మోకాళ్ల నొప్పి తగ్గి హాయిగా నడవగలుగుతున్నాను కాబట్టి నా నిర్ణయం సరైనదనే నమ్ముతున్నాను. అయితే ఈ జీవితకాలపు నియమాలను వైద్యులు ఆపరేషన్‌కు ముందే విడమరచి చెప్పాలని గట్టిగా కోరుకుంటున్నాను.