వార్డుకూ ల్యాబుకూ నడుమ ఉండే గది

ఆసుపత్రినీ వైద్య పరిశోధన కేంద్రాన్నీ ఒకే భవనంలో కట్టాలనుకున్నప్పుడు బల్ల మీదికి వచ్చే మొదటి ప్లానులో సాధారణంగా రెండు రంగులే ఉంటాయి: వార్డులకు ఒకటి, ల్యాబులకు ఒకటి. వాటి నడుమ ఒక గీత, ఆ గీతలో ఒక తలుపు. కలిపేశాం కదా అని అందరూ తృప్తిపడతారు. ఇలాంటి ప్లానులు గీయడమే వృత్తిగా పెట్టుకున్న నాకు మాత్రం అసలు పని ఆ గీత దగ్గరే మొదలవుతుందని అనిపిస్తుంది. ఆ గీతను ఏవి దాటాలో, ఏవి దాటకూడదో తేల్చుకోకుండా మిగతా భవనాన్ని ఎంత అందంగా గీసినా ప్రయోజనం ఉండదు.

అసలు రెండూ ఒకచోటే ఎందుకుండాలన్న ప్రశ్నకు గడియారమే జవాబు చెబుతుంది. శరీరంలోకి ఎక్కించిన రేడియోధార్మిక పదార్థం ఆధారంగా బొమ్మ తీసే పెట్ స్కాన్‌లో విరివిగా వాడే ఫ్లోరిన్-18 అర్ధాయువు, అంటే అది సగానికి తగ్గిపోయే సమయం, దాదాపు 110 నిమిషాలు కాబట్టి, దాన్ని వేరేచోట తయారుచేసి వాహనంలో తెప్పించుకోవచ్చు. కార్బన్-11 అర్ధాయువు సుమారు 20 నిమిషాలే. ఆక్సిజన్-15ది రెండు నిమిషాలు. వీటిని తయారుచేసే సైక్లోట్రాన్ యంత్రంలో పుట్టిన ఆ పదార్థం రోగి నరంలోకి చేరేలోగా నడవా పొడవు కూడా లెక్కలోకి వస్తుంది. రక్తం సంగతి కూడా ఇలాంటిదే. గొట్టంలోకి తీసిన తరువాత కూడా రక్తకణాలు చక్కెరను వాడుకుంటూనే ఉంటాయి. ప్లాస్మాను, అంటే రక్తంలోని ద్రవ భాగాన్ని, వేరుచేయకుండా గది వేడిలో వదిలేస్తే గ్లూకోజ్ గంటకు 5 నుంచి 7 శాతం వరకు తగ్గిపోతుంది. అమెరికాలోని బెథెస్డాలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ వారి క్లినికల్ సెంటర్ 1953లో తెరుచుకున్నప్పుడే, వార్డులకు దగ్గరలోనే ల్యాబులుండాలన్న ఆలోచన అందులో రూపం దాల్చింది. ఏడు దశాబ్దాలు గడిచినా ఆ ఆలోచన పాతబడలేదు.

ఇక దాటకూడని వాటిలో మొదటిది గాలి. ల్యాబులో ప్రమాదకరమైన ఆవిర్లను లాగేసే పెట్టె లాంటి ఫ్యూమ్ హుడ్ తన ముఖద్వారం దగ్గర సెకనుకు సుమారు అర మీటరు వేగంతో గాలిని లోపలికి లాగుతుంది. ఆ గాలిని మళ్లీ గదిలోకి తిప్పకుండా డక్టు ద్వారా కప్పు పైకి పంపేయాలి. వార్డులో చూస్తే, క్షయ రోగి ఉండే గదిలో క్రిములు బయటికి పోకుండా గాలి ఒత్తిడి నడవాలో కంటే తక్కువగా ఉండాలి, ఎముక మజ్జ మార్పిడి జరిగిన రోగి గదిలో బయటి క్రిములు లోపలికి రాకుండా ఎక్కువగా ఉండాలి. ఆ తేడా 2.5 పాస్కల్ మాత్రమే అయినా, రోగి ప్రాణం దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఇన్ని రకాల గాలి ఒకే కప్పు పైకి చేరినప్పుడు హుడ్ల పొగ గొట్టాలు ఎక్కడుండాలి, వార్డులకు గాలి తీసుకునే జాలీలు ఎక్కడుండాలి అన్నది చివర్లో ఇంజనీర్లకు వదిలేసే విషయం కాదు. గాలి ఎటు వీస్తుందో తెలుసుకోకుండా గీసిన కప్పు ప్లానును నేను చూడటానికి కూడా ఇష్టపడను.

రెండవది ప్రకంపన. నేల ఊగుతోందని మనిషికి తెలియాలంటే ఆ కదలిక సెకనుకు దాదాపు 100 మైక్రాన్ల వేగాన్ని అందుకోవాలి; అత్యంత సూక్ష్మమైన ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు 3 మైక్రాన్లు దాటినా బొమ్మ చెదిరిపోవచ్చు. అందుకే దాన్ని నేల మీద కూర్చున్న కింది అంతస్తులో, లిఫ్టులకూ లారీలు ఆగే చోటికీ దూరంగా పెడతారు.

మూడవది అంతస్తు ఎత్తులోని తేడా. అది ప్లానులో కనిపించనే కనిపించదు; భవనాన్ని నిలువుగా కోసినట్టు చూపే సెక్షన్ గీస్తేనే బయటపడుతుంది. ల్యాబుకు డక్టులు ఎక్కువ కాబట్టి అంతస్తు ఎత్తు కూడా ఎక్కువ కావాలి. వార్డుకు అంత అవసరం లేదు. నేను గీసిన తొలి డ్రాయింగుల్లో ఒకదానిలో పొదుపు పేరుతో ఎవరి ఎత్తు వారికిచ్చాను. దాంతో రెండవ అంతస్తులో ఆ తలుపు దగ్గర 60 సెంటీమీటర్ల తేడా వచ్చింది. సమావేశంలో ఆ డ్రాయింగును చాలాసేపు చూసిన ఒక సీనియర్ నర్సు, "ఏమండీ, ఇక్కడ స్ట్రెచర్ని ఎవరు తోస్తారండీ?" అని మాత్రం అడిగారు. పన్నెండుకు ఒకటి చొప్పున వాలు పెట్టినా ఆ తేడాకు 7.2 మీటర్ల ర్యాంపు కావాలి, పైగా ఆ వాలులో మనిషి పడుకున్న స్ట్రెచర్ని తోయడం ఒకరి వల్ల అయ్యే పని కాదు. ఆ రోజు నుంచి రెండు వైపులా ఒకే ఎత్తు ఉండాలన్నది నా మొదటి నిబంధన. ఖర్చు గురించిన వాదనలన్నీ దాని తరువాతే.

ఎత్తు విషయంలో ఆర్కిటెక్ట్ లూయీ కాన్ రూపొందించిన, 1965లో పూర్తయిన అమెరికాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధన భవనాన్ని ఇప్పటికీ అందరూ ప్రస్తావిస్తారు. అక్కడ ప్రతి ల్యాబు అంతస్తు మీదా గొట్టాలకూ డక్టులకూ మనిషి నిలబడి పనిచేసేంత ఎత్తున్న మరో అంతస్తు ఉంది. దాన్ని మోసే వీరెన్‌డీల్ ట్రస్సుల (ఏటవాలు కడ్డీలు లేని, నిచ్చెన లాంటి పెద్ద దూలాల) వల్ల ల్యాబు మధ్యలో స్తంభాలే లేవు. అది రోగులుండే భవనం కాదు కానీ, ఆ ఏర్పాటు వార్డులూ ల్యాబులూ కలిసి ఉండే ఇలాంటి భవనానికే ఇంకా ఎక్కువగా అక్కరకొస్తుందని నా అభిప్రాయం: పైపు మార్చడానికి వచ్చిన ప్లంబరు వార్డులో అడుగుపెట్టనవసరం లేదు, రోగి తల మీద సీలింగు విప్పనవసరం లేదు.

కిటికీల విషయంలో నేను నిస్సంకోచంగా రోగి పక్షమే వహిస్తాను. పిత్తాశయ శస్త్రచికిత్స చేయించుకున్న వారిలో, కిటికీలోంచి చెట్లు కనిపించినవారు ఇటుక గోడ కనిపించినవారికంటే త్వరగా ఇంటికి వెళ్లారనీ, బలమైన నొప్పి మందులు తక్కువగా వాడారనీ పరిశోధకుడు రోజర్ ఉల్రిచ్ 1984లో ప్రచురించారు. మైక్రోస్కోపు గదికి చీకటే కావాలి, ఫ్రీజర్లకు వెలుతురుతో పనిలేదు.

చివరగా ఆ తలుపు. ఇప్పుడు నేను అక్కడ తలుపు గీయడం మానేసి, ఒక చిన్న గది గీస్తున్నాను. అందులో రక్తాన్ని గిర్రున తిప్పి ప్లాస్మాను వేరుచేసే సెంట్రిఫ్యూజ్ ఒకటి, ఒక సింకు, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ ఒకటి ఉంటాయి. వార్డు వైపు గోడలో నర్సు నమూనా గొట్టాలు ఉంచి వెళ్లేందుకు రెండు వైపులా తెరుచుకునే చిన్న అర. దాని రెండు తలుపులూ ఒకేసారి తెరుచుకోవు. ల్యాబు వైపు నుంచి టెక్నీషియన్ వస్తారు. గాలి, మనుషులు, ట్రాలీలు ఎవరి వైపు వారివే. గొట్టం మాత్రమే గీత దాటుతుంది. ఫ్రీజర్ రాత్రింబవళ్లూ వేడిని బయటికి వదులుతుంది కాబట్టి ఆ గదికి విడిగా ఏసీ, దానితోపాటు జనరేటర్ కనెక్షన్ కావాలి. కరెంటు పోతే ఏళ్ల తరబడి దాచిన నమూనాలు కరిగిపోతాయి.

ఆ అర పక్కనే గోడలో ఒక గాజు పలక, దాని వెనక రెండు వైపుల నుంచీ కనిపించే ఒకే ఒక్క గడియారం. రక్తం తీసిన వేళను నర్సు రాస్తారు, సెంట్రిఫ్యూజ్‌లో పెట్టిన వేళను టెక్నీషియన్ రాస్తారు. వాళ్లిద్దరూ వేర్వేరు గోడల మీది గడియారాలు చూసి రాస్తే, ఆ నమూనా నిజంగా ఎన్ని నిమిషాలు ఆగిందో తరువాత ఎవరూ చెప్పలేరు.