పైన్ పొట్టు మీద పుట్టగొడుగులు: ముందు బంక సంగతి తేల్చాలి

విదేశీ యంత్రాలు దిగే పైన్ చెక్క పెట్టెలు, ప్యాలెట్లు కోసే చోట రంపపు పొట్టు బస్తాల లెక్కన దొరుకుతుంది. చవగ్గా వచ్చింది కదా అని వరిగడ్డిలాగే ఒక పూట నానబెట్టి విత్తనం వేస్తే పుట్టగొడుగుకి వేరులాంటి తెల్ల బూజు నాలుగు వేళ్ల మేర పాకి ఆగిపోతుంది. చాలామంది స్పాన్ (పుట్టగొడుగు విత్తనం) పాడైందనుకుంటారు. అడ్డుపడేది చెక్కలోని బంక. పురుగూ బూజూ దరిచేరకుండా చెట్టు దాచుకున్న టర్పీన్లు, ఫినాల్ పదార్థాలు చెట్టు నరికాక కూడా అదే పని చేస్తుంటాయి.

పొట్టు తెచ్చుకునే ముందు చెక్క మీది ముద్ర చూడండి. హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసినది, వాడుకోవచ్చు. ఎంబీ అంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టినది, ముట్టుకోవద్దు. ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్కపొడిని అదిమి చేసే బోర్డు) పొట్టు కలిసిన బస్తా ఎంత చవకైనా వద్దు, అందులో జిగురు ఉంటుంది. అన్నట్టు, మన తీరంలో పెరిగే సరుగుడు చూపులకి పైన్‌లా ఉన్నా ఆ జాతిది కాదు. దానికి ఈ బంక బాధ లేదు.

మన వాతావరణానికి పల్మనేరియస్ రకం ముత్యపు చిప్ప (ఆయిస్టర్) పుట్టగొడుగు సరిపోతుంది. స్పాన్ ల్యాబుల్లో సజోర్ కాజు పేరుతో అమ్మేది చాలావరకు ఇదే. జపాన్‌లో ఎనోకి అనే సన్న కాడల పుట్టగొడుగుని సుగి అనే సూదాకుల చెట్టు పొట్టు మీదే పెంచుతూ వచ్చారు, కాకపోతే కాపుకి ఫ్రిజ్‌లాంటి చలి కావాలి. కాలీఫ్లవర్‌లా విచ్చుకునే స్పరాసిస్ పుట్టగొడుగుకి పైన్, దాని బంధువైన లార్చ్ చెక్కంటే ప్రాణం. అయితే అది నెలల తరబడి నింపాదిగా పాకుతుంది, ఈలోగా చిన్న కలుషితం చాలు సంచి పోవడానికి. మొదటి ప్రయత్నానికి అది వద్దు.

పొట్టుని ఆరుబయట కుప్ప పోసి తడుపుతూ, రెండు మూడు వారాలకోసారి తిరగేస్తూ మూడు నెలలు ఉంచాలి. అడుగు నుంచి కారే నీళ్లు మొదట్లో టీ డికాక్షన్ రంగులో ఉంటాయి, రానురాను తేటపడతాయి. గుప్పెడు పొట్టు గ్లాసులో వేసి మరిగే నీళ్లు పోసి వాసన చూడండి. పెయింటర్లు వాడే టర్పెంటాయిల్ వాసన గుప్పున కొడితే ఇంకా ఆగాలి. తడి మట్టి వాసన వస్తే సిద్ధమైనట్టే. తొందరుంటే రెండుసార్లు ఉడికించి వార్చేయొచ్చు కానీ కుప్పలో మాగినంత బాగా రాదు.

25 సంచులకి, సంచి కిలో చొప్పున: పొడి లెక్కలో పొట్టు 7.8 కిలోలు, తవుడు 2 కిలోలు, జిప్సం 100 గ్రాములు, సున్నపురాయి పొడి 100 గ్రాములు, మొత్తం నీళ్లు 15 లీటర్లు. చిక్కంతా ఇక్కడే. కుప్పలో పొట్టు అప్పటికే తడిసి ఉంటుంది. 100 గ్రాములు తూచి బాణలిలో సన్న సెగ మీద మాడకుండా ఆరబెట్టండి. 45 గ్రాములు మిగిలితే 7.8 కిలోల పొడి పొట్టుకి 17.3 కిలోల తడి పొట్టు తీసుకోవాలి. దాంట్లోనే 9.5 లీటర్ల నీళ్లున్నాయి కాబట్టి పైన కలపాల్సింది ఐదున్నర లీటర్లే. ఈ లెక్క వేయకుండా 15 లీటర్లూ పోస్తే సంచి అడుగున నీరు నిలిచి పుల్లటి వాసన పట్టుకుంటుంది. పిడికిట గట్టిగా పిండితే వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కట్టకూడదు. చిత్రిక పట్టిన చుట్టలు మాత్రమే వాడితే లోపల ఖాళీలు మిగులుతాయి. సగం సన్న పొట్టు కలపండి.

గడ్డికి వేడినీళ్లు సరిపోతాయి, తవుడు కలిపిన పొట్టుకి చాలవు. మిగిలిన బీజాలు తవుడు తిని పచ్చబూజుగా లేస్తాయి. వేడికి తట్టుకునే పీపీ (పాలీప్రొపిలీన్) కవర్లలో నింపి, మెడకి రింగు, దూది బిరడా పెట్టి కుక్కర్‌లో 15 పౌండ్ల ఒత్తిడి మీద గంటన్నర ఉంచాలి. డ్రమ్ములో ఆవిరి పట్టేటట్టయితే మరుగు వచ్చాక కనీసం ఎనిమిది గంటలు. మామూలు పాలిథీన్ కవర్లు కుక్కర్ వేడికి కరిగిపోతాయి.

జొన్న గింజల మీద పెంచిన స్పాన్‌ని నేరుగా అన్ని సంచుల్లోనూ వేయకండి. మూడు నాలుగు వారాల ముందే ఇదే మిశ్రమంతో రెండు సంచులు చేసి వాటిలో పాకించండి. పైన్‌కి అలవాటుపడ్డ ఆ పొట్టునే సంచికి 80 గ్రాముల చొప్పున వేస్తే రెండు కిలోలు 25 సంచులకి సరిపోతాయి. వాటి నుంచి మళ్లీ మళ్లీ తీస్తూ పోతే మాత్రం రకం నీరసిస్తుంది. ఒకటి రెండు తరాలతో ఆపి, కొత్త విత్తనం తెచ్చుకోండి.

25 డిగ్రీల దగ్గర చీకట్లో ఉంచితే మూడు నాలుగు వారాల్లో సంచి తెల్లబడుతుంది, గడ్డి కన్నా ఆలస్యమే. తర్వాత పక్కన రెండు గాట్లు పెట్టి, 85–90 శాతం తేమ, పగటి వెలుతురు, ధారాళంగా గాలి ఇవ్వాలి. హైదరాబాద్‌లో ఏసీ లేకుండా నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా కుదురుతుంది. కాడలు సాగి గొడుగులు చిన్నవైతే గాలి చాలట్లేదని, అంచులు పగిలితే తేమ చాలట్లేదని అర్థం. గొడుగు అంచు ఇంకా కొంచెం లోపలికి ముడుచుకుని ఉండగానే కోసేయండి. ఆలస్యమైతే గదంతా బీజాల ధూళి నిండి దగ్గు పట్టుకుంటుంది. కాపుగదిలో మాస్కు తప్పనిసరి. గడ్డి మీద వచ్చినంత దిగుబడి ఇక్కడ ఆశించొద్దు.

ఆరుబయట మాగబెట్టిన కుప్ప మీద వాటంతటవే మొలిచేవి వేరే లెక్క. ఏంజెల్ వింగ్ అనే తెల్లటి, పల్చటి, కాడ లేని రకం చలి దేశాల్లో కుళ్లిన పైన్ జాతి చెక్క మీద వస్తుంది, చూపులకి ముత్యపు చిప్పే. 2004లో జపాన్‌లో దాన్ని తిని 17 మంది చనిపోయారు, వారిలో ఎక్కువమంది కిడ్నీ రోగులు. విత్తనం మీరు వేసిన సంచిలోంచి వచ్చింది కాకపోతే కూర వండొద్దు.